ఎర్ర టోపీ కనబడేదాకా నూట పది

పుదుచ్చేరిలో వేగ నియంత్రణ నూటికి నూరుపాళ్ళు అమలయ్యే చోటు ఒకటుంది. అది బీచ్ రోడ్డు. సాయంత్రం ఆరు నుంచి మర్నాడు ఉదయం ఏడున్నర దాకా అక్కడ ఏ కారూ పరిమితి దాటదు, ఎందుకంటే ఏ కారునీ లోపలికి రానివ్వరు. డ్రైవరు చేత వేగ పరిమితి పాటింపజేయడానికి మన దేశం కనిపెట్టిన మార్గాల్లో ఇంతవరకు ఫెయిల్ కానిది ఈ బ్యారికేడ్ ఒక్కటే.

మిగతా ఊళ్ళో పోలీసులు వేగాన్ని పట్టుకోవాలంటే ముందు వేగం దొరకాలి కదా! శనివారం సాయంత్రం చెన్నై కార్లూ, బెంగుళూరు కార్లూ రాజీవ్ గాంధీ సిగ్నల్ దగ్గర కలుసుకున్నాక, వాటిని దాటుకుంటూ ముందుకుపోయేది ఇడ్లీ బండి ఒక్కటే. ఊళ్ళో వాడుకోలేని వేగాన్నంతా జనం ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద ముందే వాడేసుకుని వస్తారు. చెన్నై నుంచి ఇక్కడికి సుమారు 150 కిలోమీటర్లు. 80లో వస్తే గంటా యాభై రెండు నిమిషాలు, 100లో వస్తే గంటన్నర. అలా ప్రాణాలకు తెగించి సంపాదించిన ఇరవై రెండు నిమిషాలనూ తెచ్చి ఇందిరా గాంధీ సిగ్నల్‌కు సమర్పించుకుంటారు.

మా బావగారిది యానాం. యానాం కూడా పుదుచ్చేరే. కాకపోతే మధ్యలో ఎనిమిది వందల కిలోమీటర్ల పైచిలుకు ఆంధ్రా, తమిళనాడు అడ్డం పడ్డాయి. ఏ ఫైలు కదలాలన్నా సచివాలయానికి రావాలి కాబట్టి, ఆయన తన పీవై 04 బండిలో ఏడాది పొడుగునా వస్తూనే ఉంటారు. వేగం మీదా, పోలీసుల మీదా ఆయనకున్న అభిప్రాయాలు ఆయనవి మాత్రమే కావు. హైవే ఎక్కిన తెలుగువాళ్ళందరి తరఫునా ఆయన మాట్లాడతారు.

మొదటి అభిప్రాయం: "ఇది ప్రాణాలు కాపాడ్డం కాదు బావా, ఖజానా నింపడం. నెలాఖరు వచ్చిందా, స్పీడ్ గన్ను పట్టుకుని నిలబడతారు." 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించిన తర్వాత కారు అతివేగానికి జరిమానా 1,000 నుంచి 2,000 రూపాయలు. దీన్ని బావగారు జరిమానా అనుకోరు, ఇంకో టోల్ అనుకుంటారు. నెల్లూరు దాటాక కట్టే టోల్‌కి రసీదిస్తారు, దీనికి ఫోటో కూడా ఇస్తారు, అంతే తేడా. పైగా టోల్‌కి లేని సౌకర్యం చలానాకి ఉంది. తెలంగాణలో 2022లో పెండింగ్ చలానాల మీద బైకులకు 75 శాతం, కార్లకు 50 శాతం తగ్గించారు. 2023 డిసెంబర్‌లో మళ్ళీ తగ్గించి, బైకులకు 80, కార్లకు 60 శాతం చేశారు. వెంటనే కట్టినవాడు వెర్రివాడయ్యాడు. ఆషాఢం సేల్ కోసం చీరలు ఆపుకున్నట్టు, తగ్గింపు వచ్చేదాకా చలానాలు కట్టకుండా ఆపుకున్నవాడు తెలివైనవాడయ్యాడు.

రెండో అభిప్రాయం: పోలీసు దాక్కోకూడదు. "చెట్టుచాటున నిలబడి ఫోటో కొట్టడం ఏం మగతనం? ఎదురుగా నిలబడమను, నేను ఇరవైలో వెళ్తాను." ఈ విషయంలో ఆయన దృష్టిలో ఆదర్శ పోలీసు పుదుచ్చేరి పోలీసే. ఫ్రెంచి జమానా నుంచి వచ్చిన ఆ ఎర్ర టోపీ ఎంత దూరం నుంచైనా కనబడుతుంది. 1954లో ఫ్రెంచివాళ్ళు వెళ్ళిపోతూ డ్రైవర్లకు ఇచ్చిపోయిన వరమది. ఖాకీ టోపీ వేపచెట్టు మానులో కలిసిపోతుంది, ఎర్ర టోపీ కలవదు. బావగారు తమిళనాడులో ప్రతి చెట్టునూ అనుమానిస్తారు, ఊళ్ళోకి వచ్చాక ప్రతి ఎర్ర రంగుకూ బ్రేకు వేస్తారు. ఒకసారి పోస్టుడబ్బాకి కూడా వేశారు. వెనకాల వచ్చినవాడు తిట్టాడు. తమిళంలో తిట్టాడు కాబట్టి పట్టించుకోలేదు.

బెంగుళూరువాళ్ళు 2019లో కూడళ్ళలో పోలీసు యూనిఫాం తొడిగి షాపు బొమ్మల్ని నిలబెట్టారు. మన దగ్గర అంత ఖర్చు కూడా అక్కర్లేదు. కర్ర పాతి ఎర్ర టోపీ తగిలిస్తే చాలు, ఆ రెండు వందల మీటర్ల మేర చట్టం సజీవంగా ఉంటుంది.

బోర్డుల సంగతి అడిగితే బావగారి గొంతులో నిజమైన బాధ పలుకుతుంది. "ఎనభై అన్నాడు, నలభై అన్నాడు, మళ్ళీ అరవై అన్నాడు. ఇవి పరిమితులా, వేలం పాటా?" ఊరు దగ్గరపడే కొద్దీ ఆ పాట కూడా వినబడదు. బోర్డు ఉన్నచోట ఏదో ఒక నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ ఉంటుంది. 40 అన్న అంకె మాయమై, దాని స్థానంలో రెండు చేతులెత్తి నవ్వుతున్న మనిషి ఉంటాడు. ఆ నమస్కారానికి అర్థం నెమ్మదిగా వెళ్ళమనో, ఇక దేవుడే దిక్కనో డ్రైవరే తేల్చుకోవాలి.

పైవాళ్ళూ తేల్చలేదాయె. 2018లో కేంద్రం ఎక్స్‌ప్రెస్ వే మీద కార్లకు 120, నాలుగు వరసల రహదారి మీద 100 అంది. 2021లో మద్రాసు హైకోర్టు ఆ నోటిఫికేషన్ని కొట్టేసింది. "కేంద్రం నూట ఇరవై అంది, కోర్టు కాదంది. ఇద్దరి మాటా కాదనకుండా నేను మధ్యేమార్గంగా నూట పదిలో వెళ్తున్నాను," అంటారు బావగారు. రాజ్యాంగ సంక్షోభాన్ని కాలి కింద పెట్టి తొక్కగలిగిన మనిషి ఆయన.

ఇక ఎదురు బండ్ల సోదరభావం. కులం, పార్టీ, రాష్ట్రం, నది నీళ్ళు, దేనిమీదా ఒక్కటి కాని ఈ దక్షిణ భారతం, ఎదురొచ్చే బండికి రెండుసార్లు లైట్లు కొట్టి 'ముందు పోలీసులున్నారు' అని చెప్పడంలో ఒక్కటవుతుంది. ప్రభుత్వమే ఆ పని చేసిపెట్టే ఏర్పాటు కూడా ఉంది. 2021 ఆగస్టులో కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో చేర్చిన 167ఏ ప్రకారం, కెమెరా పెట్టిన రోడ్డు మీద ఆ సంగతి చెబుతూ బోర్డు పెట్టాలి, నేరం జరిగిన పదిహేను రోజుల్లో నోటీసు పంపాలి. న్యాయమైన నిబంధనే. డ్రైవరు కూడా న్యాయంగానే స్పందిస్తాడు. బోర్డు చూసి బ్రేకు, కెమెరా దాటాక యాక్సిలరేటర్.

నాయకుల్ని చూసి నేర్చుకుందామా అంటే, వాళ్ళు మనకంటే ముందున్నారు. 2019 ఫిబ్రవరిలో అప్పటి లెఫ్టినెంట్ గవర్నర్ కిరణ్ బేడీ స్వయంగా రోడ్డెక్కి హెల్మెట్ లేనివాళ్ళని ఆపారు. దానికి జవాబుగా శాసనసభ ముందే శాసనసభ్యులు హెల్మెట్లు పగలగొట్టారు. ఆ వారంలోనే అప్పటి ముఖ్యమంత్రి నారాయణస్వామి నల్ల బట్టలతో బేడీ నివాసమైన రాజ్ నివాస్ ఎదుట ధర్నాకి కూర్చున్నారు. పెండింగ్ పథకాలతో పాటు హెల్మెట్ తగాదా కూడా ఆ ధర్నా లెక్కల్లో ఉంది. తలకాయ కాపాడే వస్తువు మీద ఇంత రాజకీయం జరిగిన ఊళ్ళో, కాలి కింది పెడల్ గురించి ఎవరైనా మాట్లాడగలరా?

బావగారి వాదనల్లో పూర్తిగా అబద్ధమైనది ఒక్కటీ లేదు. చిక్కంతా అక్కడే. బోర్డులు గందరగోళంగా ఉన్నమాట నిజం, పోలీసులు దాక్కునేదీ నిజం. అయితే కేంద్ర రవాణా శాఖ లెక్క కూడా నిజమే. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవాళ్ళు 1,68,491 మంది, అందులో 71.2 శాతం అతివేగం ఖాతాలోవే. వేగం రెండింతలైతే దెబ్బ నాలుగింతలవుతుందన్న లెక్క హైస్కూల్లోనే చెప్పారు. ఆ క్లాసుకి మనం ఆలస్యంగా వెళ్ళి ఉంటాం, అందుకే ఇప్పుడీ తొందర.

బావగారి అమ్మాయి కాలాపేటలో, పుదుచ్చేరి విశ్వవిద్యాలయంలో చదువుతోంది. యూనివర్సిటీ గేటు ముందు నుంచే ఈసీఆర్ పోతుంది. ప్రతి ఫోన్‌లోనూ ఆ పిల్లకు ఆయన చెప్పే జాగ్రత్త ఒకటే: "చూసుకుని దాటమ్మా, ఆ రోడ్డు మీద రాక్షసుల్లా తోల్తారు." ఆ మాట చెప్పేటప్పుడు ఆయన కూడా స్టీరింగ్ ముందే ఉంటారు. ఫోన్ స్పీకర్లో ఉంటుంది, చట్టాన్ని గౌరవించే మనిషి కదా.

మొన్న వచ్చినప్పుడు ఆయన ఫిర్యాదులన్నిటికీ ఒకే మందు చెప్పాను. "బావగారూ, రెండు టోల్‌గేట్ల మధ్య దూరం తెలుసు. మీ ఫాస్టాగ్ ఎన్నింటికి మొదటిది దాటిందో, ఎన్నింటికి రెండోది దాటిందో యంత్రానికి తెలుసు. భాగిస్తే సగటు వేగం వస్తుంది. ఇటలీలో 2005 నుంచి ఇలాగే కెమెరాలతో సగటు లెక్కగట్టి పట్టుకుంటున్నారు. చెట్టుచాటు ఉండదు, నెలాఖరు ఉండదు, ఎవడి దయా ఉండదు. మీరు కోరుకున్నది ఇదే కదా?"

బావగారు చాలాసేపు మాట్లాడలేదు. ఆయన మనసు మారుతోందని సంబరపడ్డాను.

"అంటే," అన్నారు చివరికి, "నూట పదిలో వచ్చి, రెండో గేటు ముందు ఓ అరగంట కూర్చుంటే సగటు సరిపోతుందన్నమాట."

"ఆఁ... లెక్కప్రకారం అంతే."

"ఆ గేటు ముందు టీ కొట్టుకి స్థలం లీజుకి దొరుకుతుందేమో కనుక్కుంటావా బావా?"