హాస్టలావకాయ పద్యానికి టీకా తాత్పర్యాలు

మూలం (ఆటవెలది)

ముక్క మునుగుదాక ముంచిన నూనెయే
జాడి కెల్ల కాపు; చాలదేని
బూజు పైకి వచ్చి పూతగా నిలుచును
హాస్టలావకాయ కందమనుచు.

అవతారిక

అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల జావా, టెస్టింగ్ మొదలైన విద్యలు నేర్పే కోచింగ్ సెంటర్లు ఉన్నన్నాళ్లూ, ఆ విద్యార్థులకు మంచాల లెక్కన గదులు అద్దెకిచ్చే హాస్టళ్లు ఉన్నన్నాళ్లూ, ఊరి నుంచి వచ్చిన ఆవకాయ సీసా అనే ద్రవ్యం ఉండక తప్పదు కనుక, అది చెడకుండా నిలిచే తీరును నిర్ణయించడమే ఈ పద్యానికి ప్రయోజనమని గ్రహించాలి. అధికారి, అనగా దీన్ని చదవడానికి అర్హుడు, మెస్సు సాంబారుతో విసిగినవాడు. విసగనివాడికి ఈ గ్రంథంతో పని లేదు.

ప్రతిపదార్థం

ముక్క మునుగుదాక = టెంకతో కూడిన మామిడిముక్క కంటికి కనబడనంతవరకు; ముంచిన = నిండుగా పోసిన; నూనెయే = నువ్వుల నూనె మాత్రమే; జాడికి ఎల్ల = జాడీ అంతటికీ (ఉపలక్షణం చేత హార్లిక్స్ సీసాకూ, మూత బిగియని ప్లాస్టిక్ డబ్బాకూ అని కూడా చెప్పుకోవాలి); కాపు = కాపలా; చాలదేని = ఆ నూనె తక్కువైనచో; బూజు = గాలి తగిలినచోట మొలిచే శిలీంధ్రం; పైకి వచ్చి = పచ్చడి పైభాగాన చేరి; హాస్టలావకాయకు = హాస్టలులో ఉన్న ఆవకాయకు; అందము అనుచు = అలంకారమని చెప్పుకుంటూ; పూతగా = తెల్లని పొరగా; నిలుచును = తిష్ఠవేస్తుంది.

ఇంగ్లీషు మాటను తెలుగు మాటతో అతికినందున “హాస్టలావకాయ” వైరిసమాసమని ఆక్షేపించేవారున్నారు. కడప కుర్రాడు, కాకినాడ కుర్రాడు, కరీంనగర్ కుర్రాడు ఒకే సీసాలో చెంచా పెట్టే గదిలో ఆ ఆక్షేపణ నిలవదు.

తాత్పర్యం

ముక్క మీద నూనె తేలుతున్నంతకాలం ఆవకాయ నిలుస్తుందనీ, నూనె తగ్గితే బూజు పడుతుందనీ భావం.

విశేషం

ఇక్కడ పాఠాంతరం ఒకటి విచారించాలి. పంజగుట్ట వైపు సూపర్‌మార్కెట్లలో సరుకులు కొనేవారి వాడుకలో “నూనెయే” అన్నచోట “ఆలివునూనె” అనే పాఠం ఈమధ్య వినబడుతున్నది. ఈ పాఠాన్ని ఆదరించేవారు, మధ్యధరా సముద్ర తీరాన తరతరాలుగా కూరగాయలను ఆలివ్ నూనెలో ముంచి నిలవ చేస్తున్నారు కనుక, వెల్లుల్లి రెబ్బలను, తులసి జాతి ఆకులను ఆ నూనెలో వేసి వంటింటి గట్టు మీద ఉంచితే అదే సహజమైన నిలవ పద్ధతి అవుతుందని వాదిస్తారు. ఛందస్సు చెడుతుందన్న కారణంతోనే ఈ పాఠాన్ని తోసిపుచ్చవచ్చు గానీ, ప్రాణాలకు సంబంధించిన విషయంలో గణభంగాన్ని చూపి ఊరుకోవడం వ్యాఖ్యాతకు తగదు.

మూలకారుడు నూనెను “కాపు” అన్నాడే తప్ప సంహర్త అనలేదు. ఏ నూనె అయినా, ఆలివ్ కానీ నువ్వులు కానీ, సూక్ష్మజీవులను చంపదు; గాలిని మాత్రం అడ్డుకుంటుంది. బూజుకు గాలి కావాలి కనుక నూనె కింద అది మొలవదు. క్లాస్ట్రీడియం బొటులైనం అనే సూక్ష్మజీవి స్వభావం ఇందుకు విరుద్ధం: గాలి లేనిచోటనే అది పెరుగుతుంది, నరాలను పడగొట్టే విషాన్ని పుట్టిస్తుంది, ఆ విషానికి చాలాసార్లు రంగూ వాసనా ఉండవు. మట్టిలో పుట్టిన దుంపలకూ వెల్లుల్లికీ దాని బీజాలు అంటుకుని ఉండవచ్చు, మామూలుగా మరిగించినంత మాత్రాన ఆ బీజాలు చావవు. పులుపు లేని వెల్లుల్లిని నూనెలో ముంచి బయట పెట్టడమంటే ఆ జీవికి గాలి చొరని గదిని కట్టి ఇవ్వడమే. 1985లో కెనడాలోని వాంకూవర్ నగరంలో, ఫ్రిజ్‌లో పెట్టవలసిన నూనె వెల్లుల్లిని బయట ఉంచి వాడిన ఒక రెస్టారెంటులో తిన్న 36 మంది ఈ విషం పాలబడ్డారు. అది సోయా నూనె కనుక, దోషం నూనె జాతిది కాదని కూడా తేలుతున్నది. నిమ్స్ ఆసుపత్రి పంజగుట్టలోనే ఉన్నదన్న ధైర్యం ఈ విషయంలో పనికిరాదు.

“ఆవకాయలోనూ వెల్లుల్లి వేస్తారు కదా, దానికి లేని భయం దీనికెందుకు?” అన్నది పూర్వపక్షం. దీనికి సమాధానం: ఆవకాయలో వెల్లుల్లి నూనెలో ఒంటరిగా లేదు, పుల్లమామిడి ఊటలో నానుతున్నది. పులుపు పెరిగేకొద్దీ అంకె తగ్గే పీహెచ్ అనే మానంలో 4.6 కన్నా దిగువన బొటులైనం పెరగదు. మామిడి పచ్చడి ఆ గీతకు బాగా కిందనే ఉంటుంది. ఉప్పు ముక్కలోని నీటిని ఊటగా బయటికి లాగి, ఆ నీరు సూక్ష్మజీవులకు అక్కరకు రాకుండా పట్టి ఉంచుతుంది. ఆవపిండికి తడి తగలగానే దానిలో పుట్టే ఘాటు, ముక్కుకు తెలిసే ఆ ఘాటే, సూక్ష్మజీవులకు గిట్టదు. ఇవన్నీ తమ పని ముగించాక, మూడోనాడు తిరగకలిపినప్పుడు పైకి తేలేదే పద్యంలోని నూనె. నువ్వుల నూనెకు సెసమాల్ మొదలైన పదార్థాల వల్ల త్వరగా చిక్కువాసన పట్టని విశేషం ఉన్నది కాబట్టి ఆంధ్ర సంప్రదాయం దానినే పట్టుకున్నది. ఇటలీవారు సైతం వంకాయనూ పుట్టగొడుగునూ ముందు వెనిగర్‌లో ఉడికించి ఆపైనే ఆలివ్ నూనెలో ముంచుతారు. వారి పద్ధతిలో పులుపు భాగాన్ని వదిలి నూనె భాగాన్ని మాత్రం దిగుమతి చేసుకున్నందువల్ల పంజగుట్ట పాఠం దుష్టమైనది. అంతగా ముచ్చటపడినవారు ఆ వెల్లుల్లి నూనెను కొద్దిగా చేసుకుని, ఫ్రిజ్‌లో పెట్టి, నాలుగు రోజుల్లో వాడేసుకోవచ్చు.

“మునుగుదాక” అన్నదానికి కొలత ఎంత అన్న సందేహానికి ప్రభుత్వ ప్రమాణమే ఉన్నది. 2011 నాటి ఆహార భద్రతా ప్రమాణాల నిబంధనల ప్రకారం నూనె పచ్చళ్లలో ముక్కల మీద కనీసం అర సెంటీమీటరు మందాన నూనె తేలాలి, లేదా పచ్చడి మొత్తంలో నూనె 10 శాతానికి తగ్గకూడదు.

“చాలదేని” అన్నచోట కవి నూనె ఎందుకు చాలదో చెప్పలేదు. వేడి అన్నంలో ముక్క కన్నా ముందు పైనున్న నూనెనే వంచుకోవడం గదిలోని మిత్రుల ఆచారం. సీసా యజమాని జావా క్లాసు నుంచి తిరిగి వచ్చేసరికి నూనె సగమై, ముక్కల మూపులు బయటపడి, కడిగి తుడవని చెంచా సీసాలోనే నిలబడి ఉంటుంది. ఆ తడి వల్ల, ఆ గాలి వల్ల పుట్టిన బూజును పైపైన గీకి పారేసి మిగతాది తినవచ్చునని కొందరి మతం. అది అంగీకార్యం కాదు, ఎందుకంటే బూజు తాను పెరుగుతూ పచ్చడిలోని పులుపును హరిస్తుంది, పులుపు తగ్గినచోట ముందు చెప్పిన ప్రమాదానికి తోవ పడుతుంది. బూజు పట్టిన సీసాను పారేయాలి. పట్టకముందే అయితే, నువ్వుల నూనెను కాచి, పూర్తిగా చల్లారిన తరువాత, ముక్కల మీద అర సెంటీమీటరు నిలిచేలా పోసి, మూతికి పొడిగుడ్డతో వాసెన కట్టాలి. ఆ నూనె ఖర్చు సీసా యజమాని భరించాలా, నూనె వంచుకున్నవారు భరించాలా అన్నదానిపై మూలంలో ఒక్క మాటా లేదు, వ్యాఖ్యాతలలో ఏకాభిప్రాయమూ లేదు.