శ్మశానానికీ సెలబ్రిటీ ప్రచారం!

వెంచర్ వేసి, ప్లాట్లు కదలక సినిమా హీరోను పట్టుకొచ్చే రియల్టర్లు తామేదో కొత్త ఎత్తు కనిపెట్టామనుకుంటారు. పారిస్ అధికారులు రెండు వందల ఏళ్ల కిందటే ఆ పని చేసేశారు. అదీ శ్మశానం కోసం!

1804లో పేర్ లషేజ్ శ్మశానవాటిక తెరిస్తే, ఊరికి మరీ దూరమంటూ జనం మొహం చాటేశారు. తొలి ఏడాది 13 సమాధులే. దాంతో 1817లో నాటకకర్త మోలియేర్, నీతికథల లా ఫొంటేన్ అస్థికలను (అవి వాళ్లవేనా అన్నది నేటికీ అనుమానమే) తెచ్చి పాతారు. అమర ప్రేమికులు అబెలార్, ఎలోయీజ్‌లనూ దింపారు. ఇంకేం, గిరాకీ ఊపందుకుంది. 1830 నాటికి సమాధులు 33 వేలు దాటాయి.

ఇప్పుడది వారసత్వ సంపద. అభిమానుల నుంచి కాపాడుకోవడమే పెద్ద పని. రచయిత ఆస్కార్ వైల్డ్ సమాధి నిండా లిప్‌స్టిక్ ముద్దులే! రాయి దెబ్బతింటోందని 2011లో చుట్టూ గాజు పలకలు బిగించారు. ముద్దులు గాజు మీదికి మారాయి.

రాక్ గాయకుడు జిమ్ మారిసన్ సమాధి మీది ప్రతిమనైతే 1988లో ఏకంగా ఎత్తుకుపోయారు. పోలీసులకు అది దొరికింది 2025లో. అదీ, వేరే కేసు తవ్వుతుంటే.