ఎన్ని విస్తళ్లండీ?

ముమ్మిడివరంలో భోజనానికి పిలిచేవాళ్లు తలలు లెక్కపెట్టరు. "మీరూ, చెల్లాయిగారూ తప్పకుండా రావాలండి" అని పిలుపు వెళ్తుంది. వచ్చేది వాళ్లిద్దరూ, ఇద్దరు పిల్లలూ, పొద్దున్నే యానాం బస్సు దిగిన తోడల్లుడూ. మరో మూడు ఆకులు పడతాయి. పులుసులో నీళ్లు మాత్రం పడవు. (పడతాయి. పైకి అనకూడదు.)

హైదరాబాదు ఉద్యోగాన్ని ఇంటి అరుగు మీంచే చేస్తున్న ఓ కుర్రాడికి, ఈ మర్యాదకీ తన ప్రోగ్రాములకీ చుట్టరికముందని కొబ్బరి దింపు రోజున తెలిసింది.

మూడు చెట్లు, చెట్టుకి పది కాయలు. తండ్రి కాయితమ్మీద రాసిన లెక్కని కుర్రాడు జావాస్క్రిప్టులోకి ఎక్కించాడు. అక్షరాలుగా ఉన్న ఆ పదుల్ని సంఖ్యలుగా మార్చమని 'మ్యాప్'కి 'పార్స్‌ఇంట్'ని అప్పగించాడు. తెర మీద వచ్చింది: 10, నాన్, 2.

"నాన్ అంటే ఏంట్రా, హైదరాబాదులో తింటారే, అదా?"

"సంఖ్య కాదు అని అర్థం నాన్నగారండీ."

"మరి రెండో చెట్టు కాయలేవి? మూడో చెట్టువి ఎనిమిది ఎవడు పట్టుకెళ్లాడు?"

"నా మీద పెట్టకండి బాబూ" అన్నాడు దింపు తీసిన మనిషి, గెల పక్కనే నిలబడి.

అంబాజీపేటలో ధర వెయ్యి కాయల లెక్కన పలుకుతుంది గనక పద్దెనిమిది కాయలకి కొంపలేం మునగవు. కానీ పెరట్లో ముప్పై కాయలు కళ్లెదుటే ఉన్నాయి!

దొంగ మ్యాపే. అది పిలిచిన ప్రతిసారీ విలువ ఒక్కటే పంపదు. ఎన్నో స్థానమన్నదీ, మొత్తం జాబితానీ కూడా వెంట తోలుతుంది. పార్స్‌ఇంట్‌కి ఇద్దరే అతిథులు: అంకె, దాన్ని ఏ ఆధారంలో (బేస్‌లో) చదవాలన్నది. మూడోవాణ్ణి కిమ్మనకుండా వదిలేసి, స్థానాన్నే ఆధారమనుకుంది. సున్నా అయితే మామూలు పదే. ఒకటో ఆధారం అసలు లేదు, అందుకే నాన్. రెండో ఆధారంలో ఒకటీ సున్నా పక్కపక్కన ఉంటే విలువ రెండే. జావాస్క్రిప్టు ఎక్కువ వస్తే వినిపించుకోదు, తక్కువైతే 'అన్‌డిఫైన్డ్' అని ఖాళీ ఆకు వేస్తుంది. బ్రెండన్ ఐక్ 1995లో పది రోజుల్లో కట్టిన ఇల్లది, గుమ్మంలో పద్దు రాసే మనిషిని పెట్టే తీరిక దొరికినట్టు లేదు.

కుర్రాడు మధ్యలో చిన్న క్లోజరొకటి నిలబెట్టాడు. అది కాయని మాత్రం లోపలికి రానిచ్చి, పది ఆధారాన్ని తానే అందిస్తుంది. మిగతా ఇద్దరూ గుమ్మం దగ్గరే ఆగిపోయారు. ముప్పై కాయలూ తేలాయి. క్లోజరంటే పుట్టినచోటి చుట్టుపక్కల సామాన్లని వెంట మోసుకుపోయే ఫంక్షన్, కూకట్‌పల్లిలో పదేళ్లున్నా "ఆయ్" మానని కోనసీమ మనిషి లాంటిది.

పైథాన్ జావాస్క్రిప్టులా ఊరుకోదు. ఒక్కటి ఎక్కువైనా టైప్ఎర్రర్ అని వీధిలోకి వచ్చి అరుస్తుంది. క్లాసులోని మెథడ్‌కి 'సెల్ఫ్' రాయడం మరిచిపోయి ఒక్కటే ఇచ్చి చూడండి, రెండిచ్చారంటుంది. కనపడకుండా వెంటవచ్చిన తోడల్లుణ్ణి కూడా లెక్కేస్తుందన్నమాట. గ్రూవీలో బాణం గుర్తు లేకుండా రాసిన క్లోజర్, పేరడక్కుండా ఒక్క అతిథికి 'ఇట్' అని పీట వేసి ఉంచుతుంది. బాణానికి ముందు ఏమీ రాయకపోతే ఆ పీట కూడా ఎత్తేసినట్టే.

అసలు వినోదం రూబీది. దాని ప్రాక్, ల్యాంబ్డా ఒకే క్లాసుకి పుట్టిన అన్నదమ్ములు. ప్రాక్ ముమ్మిడివరం మనిషి: తక్కువొస్తే 'నిల్' పెట్టి సర్దుతుంది, ఎక్కువొస్తే చూసీచూడనట్టు పోతుంది. ల్యాంబ్డా పట్నంలో ప్లేటుకింతని తీసుకునే క్యాటరింగాయన, ఒక్కటి తేడా వచ్చినా ఆర్గ్యుమెంట్‌ఎర్రరే. కాయల లెక్కకి ల్యాంబ్డా, భోజనాలకి ప్రాక్ అని కుర్రాడి తీర్పు. ఎన్ని కావాలో 'ఆరిటీ' అని అడిగితే రూబీ చెబుతుంది. తప్పనిసరి కొందరు, ఆపైన ఎందరైనా అని రాసి ఉంటే మాత్రం ఆ కొందరికి ఒకటి కలిపి ముందు మైనస్ తగిలిస్తుంది.

ఆ మధ్య చెల్లెలి పెళ్లికి వంటాయన వచ్చి అడిగాడు, "ఎన్ని విస్తళ్లండీ?"

"తక్కువలో తక్కువ నూరు. ఆపైన ఎంతమందొస్తే అంతమంది" అన్నాడు తండ్రి.

"మైనస్ నూట ఒకటి" అన్నాడు కుర్రాడు లాప్‌టాప్ మీంచి తలెత్తకుండా.

వంటాయన పుస్తకం మూసి తండ్రి వైపు తిరిగాడు. "మైనస్సంటే అడ్వాన్సు నేనే ఇవ్వాలాండీ?"