గుజ్జు మిల్లులో వినకూడని సలహాలు

“పెరాక్సైడ్ పనిచేయట్లేదా తమ్ముడూ? డోసు పెంచు.”

బ్లీచింగ్ ప్లాంటులో చెప్పగా వినే సలహాల్లో నాకు అన్నిటికన్నా భయం కలిగించేది ఇదే. చెట్టు నేలలోంచి పీల్చుకున్న మాంగనీసు, దానికి తోడు ఇనుము, రాగి రవ్వంత గుజ్జులో మిగిలినా చాలు, పెరాక్సైడ్ తెలుపు తేకుండానే విరిగిపోతుంది. విరిగేటప్పుడు పుట్టే రాడికల్స్ సెల్యులోజును కూడా కోస్తాయి. గుజ్జు చిక్కదనం పడిపోతుంది, కాగితం బలం తగ్గుతుంది. డోసు పెంచితే పెరిగేది ఆ కోతే. ముందు ఈడీటీఏనో డీటీపీఏనో వేసి, పీహెచ్ 5–7 మధ్య ఉంచి లోహాలను పట్టించాలి. ఆ తర్వాత గుజ్జును శుభ్రంగా కడగాలి. కడుగుడు సరిగా లేకపోతే వేసిన మందు దండగ.

“అంత ఖర్చెందుకు, ఆమ్లంతో కడిగెయ్.” పీహెచ్ 3 దాకా దించితే మాంగనీసు పోతుంది, నిజమే. దాంతోపాటు మెగ్నీషియమూ పోతుంది. పెరాక్సైడ్‌ను నిలబెట్టేది అదే కదా! ఆ దారిన వెళ్తే మెగ్నీషియం సల్ఫేటు మళ్లీ కలపక తప్పదు.

“డ్రెగ్స్ తేరుకునేదాకా ఆగక్కర్లేదు, ఉత్పత్తి ముఖ్యం.” గ్రీన్ లిక్కర్ అడుగున చేరే ఆ నల్లటి మడ్డితోనే మాంగనీసు, ఇనుము చాలావరకు మిల్లు దాటిపోతాయి. అక్కడ తొందరపడితే అవి లైమ్ మడ్‌లోకి, అంటే సున్నపు మడ్డిలోకి చేరతాయి.

“కలపలో వెదురున్నా సరే, లైమ్ మడ్ అంతా కిల్న్‌కే పంపు.” రాజమండ్రి, సిర్పూర్ కాగజ్‌నగర్ మిల్లులు ఒకప్పుడు వెదురు మీద నడిచినవే. వెదురులో సిలికా ఎక్కువ. ఎవాపరేటర్లలో పెచ్చు కడుతుంది, మడ్ సరిగా తేరుకోదు, కాల్చిన సున్నం నాణ్యత దిగజారుతుంది. కొంత మడ్ బయటికి తీసెయ్యాల్సిందే. సుబాబుల్, సరుగుడు, జామాయిల్‌తో ఆ బెడద తక్కువే గానీ, బెరడు తీయకుండా వండితే కాల్షియం వచ్చి పడుతుంది.

“ఈఎస్‌పీ దుమ్ము అంటే సోడియం సల్ఫేటు, గ్రాము కూడా పారెయ్యకు.” పొదుపు మాటలా ఉంటుంది కాబట్టే ఇది ప్రమాదం. రికవరీ బాయిలర్ పొగలోంచి ఈఎస్‌పీ (ఎలక్ట్రోస్టాటిక్ ప్రెసిపిటేటర్) పట్టే ఆ దుమ్ములోనే క్లోరైడు, పొటాషియం పోగవుతాయి. మొత్తం తిరిగి బ్లాక్ లిక్కర్‌లో కలుపుతూ పోతే, రికవరీ బాయిలర్‌లో బూడిద తక్కువ వేడికే జిగటబారి సూపర్‌హీటర్ గొట్టాలకు అంటుకుంటుంది. పొగ వెళ్లే దారులు మూసుకుపోతాయి, గొట్టాలు తుప్పుపడతాయి, కడగడానికి బాయిలర్ ఆపాలి. కొంత దుమ్ము వదులుకోవాలి. లేదంటే నీటిలో నానబెట్టి క్లోరైడు, పొటాషియాలను కరిగించి తీసేసి, మిగిలిన సల్ఫేటును వాడుకోవాలి. ఏది చేసినా, దుమ్ములో క్లోరైడు, పొటాషియం శాతాలు క్రమం తప్పకుండా ల్యాబులో చూపించి, ఎంత తీసెయ్యాలో ఆ అంకెల్ని బట్టే నిర్ణయించండి.