పెద్దాయన అరుగే పోలింగ్ కేంద్రం

సెల్‌ఫోన్‌తో ఓటు వేసే వీలు కల్పిస్తే కర్నూలు, కడప జిల్లాల ఫ్యాక్షన్ పల్లెల్లో బూత్‌ల ఆక్రమణ దానంతట అదే అంతరిస్తుందని వాదించేవారిని తప్పుపట్టడం కష్టం. బూతే లేనప్పుడు దాన్ని ఆక్రమించడం ఎంతటి మొనగాడి తరమూ కాదు. 2025 ఆగస్టు 12న పులివెందుల జడ్పీటీసీ ఉప ఎన్నిక బ్యాలెట్ పత్రాలతో జరిగినప్పుడు, ఓటర్లను అడ్డుకున్నారన్న ఆరోపణల నడుమ రెండు కేంద్రాల్లో మర్నాడే రీపోలింగ్ పెట్టవలసివచ్చింది. ఇంత ప్రయాస ఎందుకు? ఆన్‌లైన్ ఓటింగ్ వస్తే ఊరి పెద్దాయన వీధి అరుగు మీద కూర్చుని కాఫీ తాగుతుంటే చాలు, ఓటర్లే ఫోన్లు చేతబట్టుకుని వరుసగా వచ్చి, ఆయన కళ్లెదుటే గుర్తు మీద నొక్కి, "అయిందన్నా" అంటూ తెర చూపించి పోతారు. రాయి లేవదు, బాంబు పేలదు, రీపోలింగ్ అడిగే నాథుడూ ఉండడు.

ఈ ప్రశాంతతకు కావలసిన సాంకేతికత తెలుగునాట ఇప్పటికే ఉంది. 2021 అక్టోబరులో తెలంగాణ రాష్ట్ర ఎన్నికల సంఘం కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-డాక్ తయారుచేసిన యాప్‌తో ఖమ్మంలో నమూనా పోలింగ్ జరిపింది. ఆ యాప్ ఆధార్‌లోని పేరును సరిపోలుస్తుంది, ఎదుట ఉన్నది ఫొటో కాదు, సజీవమైన మనిషేనని తేల్చుకుంటుంది, ఆ ముఖాన్ని ఓటరు కార్డు చిత్రంతో పోల్చుకుంటుంది. అయితే ఆ ముఖానికి ఎదురుగా కర్ర పట్టుకుని నిలబడ్డ మరో సజీవమైన మనిషి సంగతి దానికి అక్కర్లేదు. ఇక ఆ యాప్ వాడుకున్న బ్లాక్‌చైన్, అంటే ఒకసారి నమోదైన పద్దును తర్వాత గుట్టుగా దిద్దే వీలు లేకుండా పద్దులన్నిటినీ ఒకదానికొకటి ముడివేసే విధానం, బెదిరించి వేయించిన ఓటును సైతం ఎవరూ చెరపలేనంత భద్రంగా దాచిపెడుతుంది. పోలింగ్ కేంద్రంలో బల్ల మీద మూడు వైపులా నిలబెట్టే అట్ట చేసే పని మాత్రం ఈ హంగుల్లో ఏదీ చేయదు.

2005 నుంచీ ఇంటర్నెట్ ఓటు నడుపుతున్న ఎస్టోనియాలో, ఒత్తిడికి లోనైన ఓటరు మళ్లీ ఓటు వేసుకోవచ్చు, చివరిదే లెక్కకు వస్తుంది. ముచ్చటైన ఏర్పాటే గానీ, గడువు ముగిసేదాకా ఊళ్లోని ఫోన్లన్నీ పెద్దాయన బీరువాలో ఉంటే రెండో ఓటు వేసేదెట్లా? కేంద్రానికి వెళ్లి కాగితం మీద ఓటేసి ఆన్‌లైన్ ఓటును రద్దు చేసుకునే వీలూ అక్కడ ఉంది. అంటే చివరికి దిక్కు ఆ పాత బూతే.

సర్వర్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. 2010లో వాషింగ్టన్ నగరం తన ఆన్‌లైన్ ఓటింగ్‌ను పరీక్షించమని అందరినీ ఆహ్వానిస్తే, మిషిగన్ విశ్వవిద్యాలయ బృందం 48 గంటల్లోపే చొరబడి, నమూనా ఓట్లన్నీ మార్చేసి, ఓటు వేసినవారికి తమ విశ్వవిద్యాలయ గీతం వినిపించింది. సీమలో చొరబడేవారు పాట పాడి దొరికిపోయేంత అమాయకులు కారు.

ఆన్‌లైన్ ఓటు వలస కూలీలకైనా మేలే కదా అనవచ్చు. కోసిగి, ఆదోని ప్రాంతాల నుంచి గుంటూరు మిరప తోటలకు వలసపోయిన కూలీ ఓటు కోల్పోవడం నిజమైన అన్యాయమే. ప్రజాప్రాతినిధ్య చట్టం 135బి సెక్షన్ పోలింగ్ నాడు వేతనంతో కూడిన సెలవు ఇప్పటికే ఇస్తున్నది. ఆ సెలవును అమలుచేయించి, పార్టీలు పంపే బండ్లకు బదులు ఎన్నికల సంఘమే బస్సులు పంపితే చాలు, యాప్ అక్కర్లేదు.