రిపేరు

ఇందల్వాయి స్టేషన్‌కు పోయే దారిలో ఒక రిపేరు దుకాణం ఉంది. మెకానిక్‌ది బోధన్. 1937లో పెట్టిన అక్కడి షుగర్ ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్‌గా చేసేవాడు. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడ్డాక ఇక్కడికొచ్చాడు. మిక్సీలు, ఫ్యాన్లు, టీవీలు బాగుచేస్తాడు. ఈ రోజుల్లో సీడీ ప్లేయర్ పట్టుకొచ్చేవాళ్లు ఎవరూ లేరు, ఒక్క అవ్వ తప్ప.

అవ్వ బీడీలు చేస్తుంది. కొడుకు దుబాయిలో ఉన్నాడు. 2004లో మొదటిసారి సెలవు మీద వస్తూ ఆ ప్లేయర్‌ను విమానంలో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. దాంట్లో మోగేవన్నీ బతుకమ్మ పాటలే.

"తిరుగుతది, మల్ల ఆగుతది. పాట ఒస్తలేదు బిడ్డా" అంది.

మెకానిక్ కరెంటు పెట్టి చూశాడు. డిస్కు కాసేపు తిరిగి ఆగింది. అద్దంలో 'నో డిస్క్' అని పడింది. 1982లో సోనీ జపాన్‌లో తొలి ప్లేయర్ అమ్మకానికి పెట్టినప్పటి నుంచీ ఈ యంత్రం పద్ధతి ఒకటే. శనగబద్దంత కటకం లేజర్ వెలుగును డిస్కు మీద గురిపెడుతుంది. ముందుగా డిస్కు లోపలి అంచున ఉన్న పాటల పట్టికను చదువుతుంది. ఆ పట్టిక చదవలేకపోతే, డిస్కు నెత్తిమీదే ఉన్నా లేదనే అంటుంది.

నాలుగు స్క్రూలు విప్పి పైమూత తీశాడు. లోపలంతా తంబాకు దుమ్ము. ట్రే మీద, పళ్లచక్రాల మీద, బోర్డు మీద, కటకం మీద. బీడీల చాట పక్కనే ప్లేయర్ పెట్టుకుంటానని అవ్వ చెప్పింది.

బ్రష్షుతో దులిపాడు. దూదిపుల్లను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి కటకాన్ని తుడిచాడు. అది సన్నటి తీగల మీద వేలాడుతుంటుంది, గట్టిగా నొక్కితే పని ఖతం. పట్టాల మీద ఎండిపోయిన గ్రీజు గీకి కొత్తది రాశాడు. నాలుగు రోజులు ఉంచుకుని పాడించి చూశాడు.

ఆ నాలుగు రోజులూ కొడుకు వీడియో ఫోన్ చేశాడు. "అన్నా, జర మూత తీసి చూపెట్టవా" అన్నాడు. అది తన మొదటి జీతం పైసలతో కొన్నదట. మెకానిక్ ఏం చెప్పాడో అవ్వకు చెప్పాలని ఆమెకూ చేశాడు. అవ్వ ఏమందో మెకానిక్‌కు చెప్పాలని మళ్లీ ఇటు చేశాడు.

అవ్వ కొంగుముడి విప్పి బీడీల పైసల్లోంచి నూటయాభై ఇచ్చింది. ప్లేయర్ మీద బట్ట కప్పి ఉంచమని మెకానిక్ చెప్పి పంపాడు.

రెండు నెలలకు ట్రే బయటికి రాలేదు. రబ్బరు బెల్టు సాగిపోయింది. వేడినీళ్లలో వేస్తే కొంత బిగుస్తుంది కానీ నాలుగు నాళ్ల ముచ్చటే. నిజామాబాద్ నుంచి కొత్తది తెప్పించి వేశాడు. అది వచ్చేదాకా దుబాయి నుంచి ఫోన్లు వచ్చాయి.

ఇంకో నెలకు అవ్వ మళ్లీ వచ్చింది. మళ్లీ 'నో డిస్క్'.

మెకానిక్ మూత తీశాడు. ట్రే శుభ్రంగా ఉంది. పళ్లచక్రాలు శుభ్రంగా ఉన్నాయి. బోర్డు మీద ఎక్కడా దుమ్ము లేదు. కటకం మీద మాత్రం చిటికెడు తంబాకు ఉంది.

స్క్రూలు అరచేతిలో వేసుకుని చూశాడు. నాలుగింటి తలలూ గీరుకుపోయి ఉన్నాయి. స్క్రూడ్రైవర్‌తో విప్పితే అట్లా గీరుకుపోవు. తునికాకు కోసే కత్తెర మొనతో తిప్పితే గీరుకుపోతాయి.

"ఎన్ని దినాలు పడతది బిడ్డా?" అంది అవ్వ.

పని ఐదు నిమిషాలది.

"వారం పడతదవ్వా" అన్నాడు మెకానిక్.

వారం తర్వాత ప్లేయర్ ఇచ్చేటప్పుడు పైసలు తీసుకోలేదు. స్క్రూలు కూడా గట్టిగా బిగించలేదు.

అట్లా ఇంకొన్నిసార్లు వచ్చింది. చివరికి ఒకనాడు కొడుకే విసిగిపోయాడు.

"ఎన్నిసార్లని బాగుచేస్తవన్నా? దాన్ని పారేయుమను. నేను కొత్తది పంపుతున్న. కటకం లేదు, బెల్టు లేదు. నీళ్లల్ల పడ్డా ఏం గాదు. పెన్‌డ్రైవ్ పెడితే దినమంతా మోగుతది. ఇగ మా అమ్మకు ఈ రిపేర్ల రంది ఉండది."

దసరాకు వచ్చే ఊరివాళ్లతో నల్లటి స్పీకరు ఒకటి పంపాడు. బతుకమ్మ పాటలన్నీ అందులో ఎక్కించాడు.

దీపావళి పోయాక అవ్వ స్పీకరు పట్టుకుని దుకాణానికి వచ్చింది. మెకానిక్ మీట నొక్కాడు. పాట గణగణ మోగింది.

"మంచిగనే ఉంది కదవ్వా. ఏమైంది?"

"ఏం గాలే. నెల దాటింది, ఏమైతనే లేదు" అంది అవ్వ. స్పీకరును అందుకుని బోర్లించి చూసింది. పక్కలకు తిప్పి చూసింది.

"దీనికి ఇస్క్రూలు ఏడున్నయి బిడ్డా?"