రెండో ముద్రణ

పేరాలలో ఆ నేతాయన కరపత్రం అందని గడప లేదు. చీరాల స్టేషన్లో పంచేవాడు. తెనాలిలో బండి మారాల్సి వస్తే అక్కడి ప్లాట్‌ఫారం మీద రేపల్లె బండి కోసం కూచున్నవాళ్ళ చేతుల్లోనూ పెట్టేవాడు. పచ్చ కాగితం. పైన కొడుకు ఫొటో, దాని కింద ఇంటిపేరుతో సహా తన పేరు, ఆ కింద విషయం.

కొడుక్కి ఎనిమిదేళ్ళు, ఆటిజం. పిలిస్తే పలకడు. కళ్ళల్లోకి చూడడు. వీధిలో మైకు మోగితే చెవులు మూసుకుని గోడకి తల కొట్టుకుంటాడు. అదే వాడు ఇంట్లో గుంటమగ్గం టకటకలాడుతుంటే దాని పక్కనే గంటలకొద్దీ కూచుని నూలు కండెలు వరసగా పేరుస్తాడు. ఎరుపు పక్కన ఎరుపు, నీలం పక్కన నీలం. ఎవరైనా ఒక్క కండె జరిపారంటే ఆ పూటకి ఇల్లు పీకి పందిరే. అందుకని ఆ మూల చీపురు కూడా పెట్టరు.

వాడికి మాట నేర్పించడానికి తల్లి వారానికి రెండుసార్లు గుంటూరు తీసుకెళ్ళేది. బాపట్ల, నిడుబ్రోలు, తెనాలి దాటుకుంటూ వెళ్ళి రావడానికి తెల్లారినుంచి పొద్దుగూకేదాకా పట్టేది. ఆ రోజు కండెలు చుట్టే మనిషి ఉండదు. కండె లేందే నాడె ఆడదు, నాడె ఆడందే కూలి రాదు. సర్కారు ఏమీ చెయ్యలేదని అనడానికి లేదు. 1995 చట్టంలోని ఏడు వైకల్యాల్లో ఆటిజం లేదు. 2016 చట్టం ఆ ఏడింటినీ 21 చేసి ఆటిజాన్నీ చేర్చింది. సదరం సర్టిఫికెట్ చేతికొస్తే పింఛను, 2024లో అది నెలకి 6,000 అయింది. నిరామయ బీమా ఏడాదికి లక్ష దాకా ఉంది. అన్నీ ఉన్నాయి గానీ, మాట నేర్పే మనిషి మాత్రం గుంటూరు దాటి ఇటు రాదు.

ఆ టీచరమ్మనే వారానికి రెండు రోజులు పేరాలకి రప్పించాలన్నది ఆయన పట్టుదల. దానికో గది కావాలి, అద్దె కావాలి, ఆవిడకి దారిఖర్చులివ్వాలి.

"నీ ఒక్క పిల్లాడి కోసం ఇంత హంగామానా?" అనేవాళ్ళు.

"ఇంకా ఉంటారు. తలుపులేసుకుని ఉంటారు" అనేవాడు.

మాట్లాడటం ఆయనకి తెలుసు. సంఘం అరుగు మీద నిలబడి మా తాతల పౌరుషాన్ని తట్టి లేపాడు. "1921లో పురపాలకం పన్ను కట్టబోమని చెప్పి, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు పిలిస్తే చీరాల పేరాల జనం 13,000 మందికి పైగా ఇళ్ళు ఖాళీ చేసి ఊరి బయట రామనగర్‌లో పాకలేసుకున్నారు. పదకొండు నెలలు ఎండకీ వానకీ తట్టుకున్నారు. వాళ్ళ మనవళ్ళం, ఒక్క గదికి అద్దె కట్టలేమా?" చీర మీద నాలుగు రూపాయలే మిగిలే వాళ్ళు కూడా జేబులో చెయ్యి పెట్టారు.

కరపత్రంలో ఒక వాక్యానికి చుట్టూ గడి కట్టించాడు. అది ఊరి కోసం కాదు, సొంత ఇంటి కోసం. ఆయన తల్లి కోడల్ని రోజూ పొడిచేది, గ్రహణం నాడు కదిలిందని. పొరుగువాళ్ళు టీవీ ముందు పడేసి పెంచిందనేవాళ్ళు. ఇలాంటి మాటలు మన దగ్గరే అనుకోనక్కర్లేదు. తల్లుల ప్రేమ చాలకే ఈ పిల్లలు ఇలా అవుతారని అమెరికాలో బెటెల్‌హైమ్ అనే పెద్దమనిషి 1967లో లావుపాటి పుస్తకమే రాశాడు. అది తప్పని అంతకు మూడేళ్ళ ముందే రాసిన బెర్నార్డ్ రిమ్లాండ్‌కి ఉన్నది అలాంటి కొడుకే. నేతాయనకి ఈ పుస్తకాలేవీ తెలియవు. గుంటూరులో డాక్టరు చెప్పిన మాటనే అచ్చేయించాడు: "ఇది తల్లి పెంపకం వల్ల వచ్చేది కాదు. ఇందులో జన్యువుల పాత్ర ఎక్కువ. ఎవరి తప్పూ లేదు." ముసలామె నోరు మూతపడింది. ఆ ఇంట్లో కోడలు నిమ్మళంగా అన్నం తిన్నది ఆ తర్వాతే.

గదికి అడ్వాన్సు ఇచ్చారు. బోర్డు కట్టారు. ఇక ఏప్రిల్ 2న, ప్రపంచ ఆటిజం దినం రోజున, తలుపులు తెరవడమే.

ఈలోగా పెద్దపిల్ల బాపట్లలో డిగ్రీ ముగించింది. సంబంధాలు చూసే పేరయ్య వచ్చి, కరపత్రం ముక్కుకి ఆనించుకుని చదివి, గడి కట్టిన వాక్యం మీద వేలు పెట్టాడు.

"జన్యువులంటే రక్తమేగా బాబూ? ఇది ఊరూరా పంచి, పైగా పిల్లనిస్తానంటే ఎవడు చేసుకుంటాడు?"

కరపత్రం రెండో ముద్రణ వేశారు. ఫొటో లేదు, పేరు లేదు, గడి లేదు. విరాళాలివ్వమని మాత్రం ఉంది, ఎవరి పిల్లల కోసమో అన్నట్టు. నేనేమీ అనను. ఆడపిల్ల పెళ్ళి దగ్గర ఎంతటి ధైర్యమైనా గొంతు తగ్గిస్తుంది.

రేపల్లె నుంచి సంబంధం వచ్చింది. అబ్బాయి బ్యాంకులో పని, ఒక్కడే కొడుకని పేరయ్య చెప్పాడు. ఇక్కడా ఒక్కతే కూతురని అక్కడ చెప్పి వచ్చాడు. ముందురోజే పిల్లవాణ్ణి బాపట్లలో పిన్ని ఇంటికి పంపేశారు.

పెళ్ళిచూపులు బాగానే సాగాయి. కాఫీలయ్యాయి. అబ్బాయి తల్లి మగ్గం వైపే చూస్తూ కూచుంది.

"పిల్లలెంతమంది వదినగారూ?"

పిల్ల తల్లి తల వంచుకుంది. తండ్రే అందుకున్నాడు. "ఒక్కతేనమ్మా. గారాబంగా పెంచాం."

"ఒక్కతేనా?"

"ఒక్కతే."

ఆమె కాసేపు ఊరుకుంది. "మరి ఆ కండెలు అంత ముచ్చటగా పేర్చిందెవరు?"

"మా మనవరాలేనమ్మా. దానికి అన్నీ పొందిగ్గా ఉండాలి" అంది ముసలామె.

అబ్బాయి తల్లి చేతిసంచీ తెరిచి, నాలుగు మడతలు పెట్టిన పచ్చ కాగితం తీసింది. మొదటి ముద్రణ. మడతల దగ్గర చిరిగితే వెనక టేపు అంటించి ఉంది.

"పోయినేడు తెనాలిలో బండి కోసం కూచుంటే ఎవరో చేతిలో పెట్టి వెళ్ళారు. మా చిన్నాడు నా పక్కనే ఉన్నాడు. ఇరవై రెండేళ్ళు వాడికి. మా చుట్టాల్లో సగంమందికి వాడున్నట్టే తెలీదు. పేరయ్యకీ చెప్పలేదు. ఇలాంటి బిడ్డ ఫొటోని ఇంత ధైర్యంగా ఊరంతా పంచే ఇల్లొకటి పేరాలలో ఉందని తెలిసి, ఆ ఇంటి పిల్లయితే మావాణ్ణి చూసి జడుసుకోదని ఈ సంబంధం అడిగించాం."

కాగితం మళ్ళీ మడత పెట్టింది. కొడుకు వైపు చూసి లేచింది.

"ఇంటిపేరు ఒకటే అయ్యేసరికి పొరబడ్డట్టున్నామమ్మా. మేం వెతుక్కుంటూ వచ్చిన ఇల్లు ఇది కాదు."